ఉల్కాశిల అంతరిక్షంలో ఎన్నేళ్లు తిరిగింది: విశ్వకిరణాలు మిగిల్చే లెక్క

1870 జనవరి 23న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురానికి దగ్గరలో ఒక ఇనుప ముద్ద ఆకాశం నుంచి పడింది. ఉల్కాశిలల జాబితాల్లో దాని పేరు నెడగొల్ల, బరువు సుమారు 4.6 కిలోలు. ఆ ప్రాంతం 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లాలో చేరి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. జనం చూస్తుండగా పడిన ఉల్కాశిలల్లో ఇనుపవి నూటికి ఐదారు మాత్రమే కనుక, పడిన తేదీతో సహా నమోదైన ఇనుప ఉల్కాశిల ఏ జిల్లాకైనా అరుదైన సంగతే. అది పడ్డ నాటికి విశ్వకిరణాలనేవి ఉన్నాయని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో సుమారు 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని కొలిచింది 1912 ఆగస్టులో. అయినా ఆ ఇనుములో అప్పటికే కోట్ల సంవత్సరాలుగా ఆ కిరణాలు చేసిన పని పరమాణువుల రూపంలో పోగుపడి ఉంది. అలా పోగుపడినదాన్ని కొలిచి, ఉల్కాశిల విడి రాయిగా ఎంతకాలం తిరిగిందో, ఎంత పెద్ద ముద్దలో భాగంగా తిరిగిందో, భూమిపై ఎప్పుడు పడిందో చెప్పడమే ఈ వ్యాసంలో పరిశీలించే పద్ధతి.

ఉల్కాశిల వయసెంత అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. సౌరకుటుంబం పుట్టినప్పుడు ఆ పదార్థం గడ్డకట్టిన కాలం ఒకటి. చాలా ఉల్కాశిలలకు అది 456 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద గ్రహశకలం లోపల భద్రంగా ఉన్న ఆ పదార్థం ఏదో ఢీకొట్టడంతో చిన్న ముక్కగా విడిపోయి, భూమికి చేరేదాకా గడిపిన కాలం రెండోది. నేల మీద పడ్డాక గడిచింది మూడోది. వార్తల్లో కనిపించే ‘కోట్ల ఏళ్ల నాటి రాయి’ అన్న మాట మొదటి వయసుకు చెందినది, నిజానికి అది చెప్పేది తక్కువ. విజయనగరం చుట్టుపక్కల కనిపించే ఖోండలైటు కొండలు కూడా సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందటి వేడిమికి, ఒత్తిడికి రూపు మారినవే. ఉల్కాశిలను మామూలు రాయి నుంచి వేరుచేసేది దాని రెండో వయసు. దీన్ని విశ్వకిరణ వయసు అనవచ్చు.

విశ్వకిరణాలు పేరుకే కిరణాలు. అవి అమిత వేగంతో వచ్చే పరమాణు కేంద్రకాలు. వాటిలో నూటికి తొంభై దాకా ప్రోటాన్లు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం హీలియం కేంద్రకాలు, ఇనుము వంటి బరువైన కేంద్రకాలు ఒక శాతం మేర. పేలిపోయిన భారీ నక్షత్రాల అవశేషాలు వీటికి ముఖ్యమైన పుట్టిల్లుగా భావిస్తున్నారు. కేంద్రకంలో ఒక్కో కణాన్ని పట్టి ఉంచే శక్తి సుమారు 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులైతే, వచ్చిపడే ప్రోటాన్ శక్తి తరచు 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటుంది. అంత శక్తితో తగిలినప్పుడు మెగ్నీషియం, సిలికాన్, ఇనుము వంటి మూలకాల కేంద్రకాలు పగిలి చిన్న కేంద్రకాలవుతాయి. ఎగిరిపడిన న్యూట్రాన్లు పక్కనున్న మరికొన్ని కేంద్రకాలను పగలగొడతాయి. ఇలా పుట్టేవాటిలో హీలియం-3, నియాన్-21, ఆర్గాన్-38 వంటి స్థిరమైన జడవాయు ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువులు; పేరు పక్కన అంకె ఆ బరువు) ఉంటాయి. బెరీలియం-10, అల్యూమినియం-26, క్లోరిన్-36, మాంగనీస్-53 వంటి రేడియోధార్మిక, అంటే కాలక్రమంలో క్షీణించిపోయే, ఐసోటోపులూ ఉంటాయి.

ఈ పని రాతిలో మీటరు, రెండు మీటర్ల లోతు దాకే సాగుతుంది. అంతకు దిగువన ఉన్న పదార్థానికి విశ్వకిరణాల సంగతే తెలియదు. అందువల్ల కిలోమీటర్ల వెడల్పున్న గ్రహశకలం లోపలి రాయి 400 కోట్ల సంవత్సరాలు ఉన్నా దానిలో ఈ కొత్త పరమాణువులు చేరవు. అది పగిలి మీటరు సైజు ముక్కగా బయటపడ్డ క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు శక్తి తక్కువవి కనుక పైనున్న కొద్ది సెంటీమీటర్లకే పరిమితం. భూమి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు ఉల్కాశిలలో మొదట కరిగిపోయేది ఆ పైపొరే కాబట్టి వాటి ఆనవాళ్లు మన చేతికి అరుదుగా మిగులుతాయి.

ఈ పద్ధతి ఎవరో ముందుగా ఊహించి కట్టినది కాదు, మరో పద్ధతి బెడిసికొట్టడంతో బయటపడింది. ఆస్ట్రియాలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పానెత్ 1920ల నుంచి ఇనుప ఉల్కాశిలల్లోని హీలియంను కొలుస్తూ వచ్చారు. యురేనియం, థోరియం క్షీణించేటప్పుడు హీలియం పుడుతుంది కనుక, ఉన్న యురేనియం ఎంతో, పోగైన హీలియం ఎంతో తెలిస్తే లోహం గడ్డకట్టిన కాలం తెలుస్తుందన్నది ఆయన ఆలోచన. తర్కంలో లోపం లేదు, ఫలితాలే కుదురుగా రాలేదు. ఒకదానికి చాలా తక్కువ వయసు వస్తే మరొకదానికి 700 కోట్ల సంవత్సరాలు దాటింది. భూమికీ సౌరకుటుంబానికీ ఈనాడు అంగీకరించిన వయసు కంటే అది చాలా ఎక్కువ.

1947లో కార్ల్ బాయర్ దీనికి వేరే వివరణ ఇచ్చారు. ఆ హీలియంలో అధికభాగం యురేనియం నుంచి వచ్చింది కాదని, విశ్వకిరణాలు ఇనుము కేంద్రకాలను పగలగొట్టగా పుట్టినదని ఆయన వాదం. తేల్చుకునే దారి అందులోనే ఉంది. యురేనియం క్షీణత హీలియం-4ను మాత్రమే ఇస్తుంది; కేంద్రకాలు పగిలితే హీలియం-3 కూడా గణనీయంగా రావాలి. గాలిలోని హీలియంలో హీలియం-3 పది లక్షలకు ఒకటిన్నర పాలే. పానెత్ బృందం 1952లో కొలిచినప్పుడు ఇనుప ఉల్కాశిలల హీలియంలో అది నూటికి ఇరవైకి పైగా తేలింది. యురేనియం వాదం అక్కడితో ముగిసింది. పానెత్ స్వయంగా తన పాత వయసులను కొట్టివేసే కొలతను చేయడం, అదే కొలత కొత్త పద్ధతికి పునాది కావడం ఈ చరిత్రలో గమనించదగ్గ విషయం.

లెక్క సూత్రం సులువైనదే. వానాకాలంలో పెరట్లో పెట్టిన గోలెంలో నీరు ఎంత చేరిందో చూసి, గంటకు ఎంత వాన పడుతోందో తెలిస్తే, గోలెం ఎప్పుడు బయట పెట్టారో చెప్పవచ్చు. నియాన్-21 వంటి స్థిరమైన ఐసోటోపు పగుళ్లు లేని గోలెం, చేరినదంతా నిలుస్తుంది. రేడియోధార్మిక ఐసోటోపు అడుగున చిల్లి పడ్డ గోలెం. కొంతసేపటికి పడుతున్న నీరు, కారుతున్న నీరు సమానమై మట్టం ఒకచోట ఆగిపోతుంది. ఆ మట్టం గోలెం ఎంతసేపు బయట ఉందో చెప్పదు గాని, వాన ఎంత జోరుగా పడుతోందో చెబుతుంది. ఒకటి మొత్తాన్ని, మరొకటి వేగాన్ని ఇస్తున్నాయి కనుక ఒకే రాతిలో రెండిటినీ కొలవడం తప్పనిసరి అవుతుంది. చిక్కల్లా గోలెం ఆరుబయట ఉందా, చూరు కింద ఉందా అన్నదానిలో ఉంది. ఉల్కాశిల విషయంలో ఆ ప్రశ్న, మనకు దొరికిన ముక్క అసలు ముద్దలో ఎంత లోతున ఉండేదన్న రూపంలో వస్తుంది.

ప్రయోగశాలలో జరిగేది ఇది. గ్రాములో పదో వంతు ముక్కను అత్యంత శూన్యం చేసిన కొలిమిలో వేసి 1,700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. కరిగిన రాయి వదిలిన వాయువుల నుంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటి చురుకైనవాటిని వేడి లోహాలకు పట్టించి తీసేస్తే జడవాయువులు మిగులుతాయి. వాటిని ఒక్కొక్కటిగా, పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి ఐసోటోపుల వారీగా లెక్కిస్తారు. నియాన్‌కు ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది. గాలిలోని నియాన్‌లో 90 శాతానికి పైగా నియాన్-20. నియాన్-21 నూటికి 0.3 పాలు కూడా లేదు. విశ్వకిరణాలు పుట్టించిన నియాన్‌లోనైతే 20, 21, 22 మూడూ దాదాపు సమపాళ్లలో ఉంటాయి. ఇంత స్పష్టమైన తేడా వల్ల రాతిలో ముందునుంచీ చిక్కుకున్న నియాన్‌ను, తర్వాత అంటిన గాలిని లెక్కలోంచి తీసేయడం సాధ్యపడుతుంది.

సాధారణ రాతి ఉల్కాశిలలైన కాండ్రైట్లలో నియాన్-21 ఒక గ్రాముకు ఏడాదికి సుమారు 80 వేల పరమాణువుల చొప్పున పుడుతుంది. ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఘనపరిమాణంగా చెబితే పది లక్షల సంవత్సరాలకు ఘన సెంటీమీటరులో 30 కోట్లవ వంతు మేర. ఒక రాతిలో దానికి ఏడు రెట్లు దొరికితే ఆ రాయి 70 లక్షల సంవత్సరాలు తిరిగిందని మొదటి అంచనా. మొదటి అంచనా అనడానికి కారణం లోతే. మెగ్నీషియం-24 కేంద్రకం, ఇతర కేంద్రకాలు పగిలినప్పుడు ఎగిరిపడిన న్యూట్రాన్ తగిలి నియాన్-21గా మారే చర్య లోపలి భాగాల్లో ఎక్కువ. అందుచేత నియాన్-22కూ నియాన్-21కూ ఉన్న నిష్పత్తి పైభాగంలో లేదా చిన్న ముద్దలో 1.2 దాకా ఉండి, పెద్ద ముద్ద లోపలికి పోయేకొద్దీ 1.1 కంటే దిగువకు వస్తుంది. ఆ నిష్పత్తి చూసి ఉత్పత్తి వేగాన్ని సవరిస్తారు. అంటే ఒకే వాయువు కాలాన్నీ చెబుతుంది, దాన్ని సవరించడానికి కావలసిన లోతునూ చెబుతుంది. ఇంకా నమ్మకంగా చెప్పాలంటే 2.3 లక్షల సంవత్సరాల అర్ధాయుష్షున్న (సగం క్షీణించడానికి అంత కాలం పట్టే) క్రిప్టాన్-81ను, స్థిరమైన క్రిప్టాన్-83తో పోల్చే పద్ధతి ఉంది. 1960లలో కుర్ట్ మార్టి ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో వేగమూ మొత్తమూ ఒకే మూలకం నుంచి వస్తాయి కాబట్టి రసాయన కూర్పు, లోతు తెచ్చే తప్పులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాకపోతే కొలవవలసిన క్రిప్టాన్ అతి స్వల్పం కనుక అన్ని రాళ్లకూ ఇది సాధ్యం కాదు.

నేల మీది రాళ్లలోనూ ఈ మార్పులు జరుగుతాయి గదా అన్న సందేహం న్యాయమైనదే. జరుగుతాయి, కాని పోలికే లేదు. వాతావరణం మన నెత్తిన పది మీటర్ల నీటికి సమానమైన కవచం. ధ్రువాల వైపు సముద్రమట్టం వద్ద ఒక గ్రాము క్వార్ట్జ్‌లో బెరీలియం-10 ఏడాదికి సుమారు 4 పరమాణువులే పుడుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న కళింగపట్నం ఇసుకలో అంతకంటే తక్కువే, ఎందుకంటే ఇక్కడ అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను రానివ్వదు. కాండ్రైట్ ఉల్కాశిలలో అదే ఐసోటోపు కిలోకు నిమిషానికి సుమారు 20 చొప్పున పుడుతుంది. గ్రాముకు ఏడాదికి లెక్కగడితే 10 వేలు దాటుతుంది. రెండు పదార్థాల కూర్పు ఒకటి కాకపోయినా, వేల రెట్ల ఈ అంతరం ముందు ఆ తేడా లెక్కలోకి రాదు. అంతరిక్షం నుంచి వచ్చిన రాయిని ప్రయోగశాల ఎందుకు పొరబడదో ఈ సంఖ్యలే చెబుతున్నాయి.

ఇప్పుడు ఫలితాలు. రాతి ఉల్కాశిలల విశ్వకిరణ వయసులు చాలావరకు కొన్ని లక్షల నుంచి 10 కోట్ల సంవత్సరాల లోపు ఉంటాయి. సౌరకుటుంబపు 456 కోట్ల సంవత్సరాల పక్కన ఇది చిన్న తునక. ఆ వయసులు సమంగా పరుచుకొని ఉండవు, గుంపులు కడతాయి. లోహం ఎక్కువగా ఉన్న ‘హెచ్’ కాండ్రైట్లలో పెద్ద గుంపు 70–80 లక్షల సంవత్సరాల దగ్గర ఉంది. ‘ఎల్‌ఎల్’ అనే, లోహం బాగా తక్కువైన కాండ్రైట్లలో 1.5 కోట్ల దగ్గర ఒకటి కనిపిస్తుంది. వెస్టా గ్రహశకలం నుంచి వచ్చినవిగా భావించే రాళ్లలో 2.2 కోట్లు, 3.8 కోట్ల దగ్గర రెండు గుంపులున్నాయి. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు శతాబ్దాల్లో పడిన రాళ్లకు ఒకే వయసు రావడానికి సహజమైన కారణం అవన్నీ ఒకే ఢీకొట్టుడులో పుట్టడం. రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద 2013 ఫిబ్రవరి 15న పేలిన రాయి ‘ఎల్‌ఎల్’ వర్గానిదే అయినా 1.5 కోట్ల గుంపులో లేదు. దాని వయసు సుమారు 12 లక్షల సంవత్సరాలు. అమెరికాలోని కాన్సస్‌లో 1890లో పడిన ఫార్మింగ్టన్ రాయికి 25 వేల సంవత్సరాలు కూడా నిండలేదు.

ఈ వయసులు ఖగోళ యాంత్రిక శాస్త్రానికి ఇబ్బంది తెచ్చిపెట్టాయి. అంగారకుడికీ బృహస్పతికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీలో కొన్ని ఖాళీలున్నాయని డేనియల్ కిర్క్‌వుడ్ 1866లో గమనించారు. సూర్యుడికి భూమి ఉన్న దూరానికి రెండున్నర రెట్ల దూరంలో ఉన్న ఖాళీలోకి ఏ ముక్క చేరినా, అది మూడుసార్లు తిరిగేసరికి బృహస్పతి ఒకసారి తిరగడం వల్ల పదేపదే ఒకే తీరు లాగుడుకు గురై, దాని కక్ష్య సాగిపోయి లోపలి గ్రహాల దారిని కోస్తుంది. ఉల్కాశిలలు ఢీకొట్టుడుతో నేరుగా ఆ ఖాళీల్లోకి పడి, అక్కడి నుంచి భూమికి వస్తాయని చాలాకాలం అనుకున్నారు. కాని 1990లలో కంప్యూటర్లపై కోట్ల సంవత్సరాల కక్ష్యలను లెక్కించినప్పుడు, ఖాళీలో పడ్డ ముక్కల్లో ఎక్కువ భాగం కొన్ని పది లక్షల సంవత్సరాలలోపే సూర్యుడిలో పడిపోవడమో, సౌరకుటుంబం వదిలిపోవడమో జరుగుతుందని తేలింది. రాళ్లేమో కోట్ల సంవత్సరాలు తిరిగామని చెబుతున్నాయి. లెక్కలు తప్పు కావు, రాళ్లూ అబద్ధమాడవు. మధ్యలో లెక్కకు రాని మెట్టు ఏదో ఉండాలి.

ఆ మెట్టు పేరు యార్కోవ్‌స్కీ ప్రభావం. రష్యా సామ్రాజ్యంలో ఇంజనీరుగా పనిచేసిన ఇవాన్ యార్కోవ్‌స్కీ 1900 ప్రాంతంలో చెప్పిన ఈ ఆలోచన దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. తనచుట్టూ తాను తిరిగే రాయి ఎండ తగిలిన వైపు వేడెక్కి, ఆ వేడిని కాస్త ఆలస్యంగా, సాయంకాలపు వైపు నుంచి ఎక్కువగా వెలువరిస్తుంది. వెలువడే వేడి కాంతి అతి చిన్న తోపుడు ఇస్తుంది. మీటరు ప్రమాణంలో ఉన్న రాయి మీద ఆ తోపుడు కోట్ల సంవత్సరాలు ఒకే దిక్కుకు పనిచేస్తే కక్ష్య నెమ్మదిగా జరిగి ఖాళీ అంచుకు చేరుతుంది. కాలమంతా అక్కడికి చేరడంలోనే గడిచిపోతుంది, ఆ తర్వాత ప్రయాణం త్వరగానే ముగుస్తుంది. విశ్వకిరణ వయసులు లేకపోతే ఈ మెట్టు అవసరమని ఎవరూ పట్టుబట్టి ఉండేవారు కాదు.

ఇనుప ఉల్కాశిలల సంగతి ఇంకో స్థాయిది. వాటి వయసులు పదుల కోట్లలో ఉంటాయి. వాటిని రసాయన కూర్పును బట్టి వర్గాలుగా విడదీస్తారు; ‘మూడు ఏబీ’ వర్గపు ఇనుముల్లో ఎక్కువ వాటికి 65 కోట్ల సంవత్సరాలు, ‘నాలుగు ఏ’ వర్గానికి 40 కోట్లు. కొన్ని 100 కోట్లు దాటాయి. ఇనుము చిన్నచిన్న తాకిళ్లకు రాయిలా పొడి కాదు, అది ఒక కారణం. లోహం వేడిని లోపలికి త్వరగా పంచుకుంటుంది కనుక వేడి వైపు, చల్లని వైపు తేడా తగ్గి యార్కోవ్‌స్కీ తోపుడు బలహీనపడుతుంది, అది ఇంకో కారణం. బతకడం ఎక్కువ, కదలడం తక్కువ. ఇంత పొడవైన కాలానికి పొటాషియంను వాడే పద్ధతిని హాన్స్ ఫోషాగె అభివృద్ధి చేశారు. ఇనుములో సహజంగా పొటాషియం దాదాపు ఉండదు కనుక, కిరణాలు పుట్టించిన కాస్త పొటాషియమూ అందులో కనిపిస్తుంది. 125 కోట్ల సంవత్సరాల అర్ధాయుష్షున్న పొటాషియం-40 అంత పొడవైన కాలానికి సరైన గడియారం. నెడగొల్ల వంటి ఉల్కాశిలకు ఇక్కడ ఒక లోటు ఉంది. అది తెలిసిన ఏ ఇనుప వర్గంలోనూ ఇమడదు. వర్గం లేనిదానికి తోబుట్టువులు లేవు, తోబుట్టువులు లేకపోతే గుంపు లేదు. దాని వయసు ఎంతైనా అది ఒక్క రాయి చరిత్రే గాని ఒక గ్రహశకలం పగిలిన తేదీకి రుజువు కాదు.

గుంపుల వెనుక నిజంగా ఢీకొట్టుళ్లే ఉన్నాయనడానికి, నా దృష్టిలో, అన్నిటికంటే బలమైన సాక్ష్యం స్వీడన్‌లోని ఒక సున్నపురాయి గనిలో దొరికింది. థోర్స్‌బెర్గ్ గనిలో నేల పలకల కోసం కోసే రాతిలో, సుమారు 47 కోట్ల సంవత్సరాల కిందట సముద్రపు అడుగున పడి శిలాజాలైపోయిన ఉల్కాశిలలు బయటపడ్డాయి. అసలు ఖనిజాలు చాలావరకు మారిపోయినా క్రోమియం ఖనిజమైన క్రోమైట్ రేణువులు మాత్రం చెక్కుచెదరలేదు. 2004లో వాటిలోని నియాన్-21ను కొలిస్తే వయసులు లక్ష నుంచి 12 లక్షల సంవత్సరాలలోపే వచ్చాయి. అంతకంటే విశేషం, అడుగు పొరల్లోని రాళ్లకు తక్కువ వయసు, పై పొరల్లోని రాళ్లకు క్రమంగా ఎక్కువ వయసు. అడుగు పొరలు ముందు పేరుకున్నవి, పై పొరలు తర్వాతవి. ఒకే పేలుడులో పుట్టిన ముక్కల్లో కొన్ని త్వరగా, కొన్ని ఆలస్యంగా భూమికి చేరితే ఉండవలసిన క్రమం ఇదే. లోహం తక్కువైన ‘ఎల్’ కాండ్రైట్ల మాతృశకలం 47 కోట్ల సంవత్సరాల కిందట ముక్కలైందని ఇప్పటి ‘ఎల్’ రాళ్లలోని ఆర్గాన్ గడియారం (ఢీకొట్టిన వేడికి ఆర్గాన్ బయటికి పోయి, మళ్లీ పోగుపడటం మొదలైన కాలం చెప్పే లెక్క) విడిగా చెబుతోంది. సున్నపురాయి పొరలు, క్రోమైట్‌లోని నియాన్, వేడికి పోయిన ఆర్గాన్: ఒకదానితో ఒకటి సంబంధంలేని మూడు లెక్కలు ఒకే సంఘటన దగ్గర కలిశాయి.

అన్ని ప్రయాణాలూ ఒకే దశలో ముగియవు. చైనాలోని జిలిన్‌లో 1976 మార్చి 8న పడిన రాళ్లలో పెద్దది 1,770 కిలోలు. దానిలో జడవాయువుల లెక్క ఒక వయసు చెబుతుంటే, రేడియోధార్మిక ఐసోటోపుల లెక్క దానికి పొసగలేదు. మాతృశకలం ఉపరితలానికి దగ్గరగా, ఒక వైపు నుంచే కిరణాలు తగులుతూ 80 లక్షల సంవత్సరాలకు పైగా ఉండి, తర్వాత విడిపోయి సుమారు 4 లక్షల సంవత్సరాలు మాత్రమే స్వతంత్రంగా తిరిగిందని అనుకుంటేనే రెండూ కుదిరాయి. పగుళ్లు లేని గోలెం రెండు దశలనూ కలిపి చూపుతుంది, చిల్లి పడ్డది ఇటీవలి దశను మాత్రమే చూపుతుంది. చంద్రుడి నుంచి ఎగిరిన రాళ్లలో ఎక్కువ భాగం పది లక్షల సంవత్సరాలలోపే భూమిని చేరాయి. అంగారకుడి రాళ్లలో నఖ్లైట్లనే వర్గపువాటన్నిటికీ దాదాపు 1.1 కోట్ల సంవత్సరాలే రావడం వల్ల ఒకే తాకిడి వాటిని విసిరిందని అనుమానించడం సబబు.

దొరికిన ముక్క అసలు ఎంత పెద్ద ముద్దలోనిదో తెలుసుకోవడానికి మరో ఆనవాలు ఉంది. విశ్వకిరణాల్లోని ఇనుము వంటి బరువైన కేంద్రకాలు ఆలివిన్, పైరాక్సీన్ స్ఫటికాల గుండా పోయేటప్పుడు సన్నని గాయపు గీతలు మిగులుస్తాయి. రసాయనంలో ఉంచి గీతల చోట కాస్త కరిగేలా చేస్తే అవి సూక్ష్మదర్శిని కింద కనిపిస్తాయి. ఆ కేంద్రకాలు లోతుకు పోలేవు కనుక గీతల సంఖ్య సెంటీమీటరు సెంటీమీటరుకూ పడిపోతుంది. గీతలు లెక్కపెడితే వాతావరణంలో ఎన్ని సెంటీమీటర్ల పైపొర కరిగిపోయిందో తెలుస్తుంది. ఈ రంగంలో మన దేశానికి పాత పరిచయమే ఉంది. విక్రమ్ సారాభాయ్ 1947లో అహ్మదాబాద్‌లో స్థాపించిన భౌతిక పరిశోధన ప్రయోగశాల మొదలైందే విశ్వకిరణాల అధ్యయనంతో. దేవేంద్ర లాల్, నరేంద్ర భండారి వంటివారు 1976 జనవరి 28న గుజరాత్‌లోని ధజాలాలో పడిన ఉల్కాశిల ముక్కలపై ఈ గీతల లెక్కతోనే అసలు ముద్ద పరిమాణాన్ని అంచనా వేశారు.

నేలకు చేరాక కొత్త ఉత్పత్తి ఆగిపోతుంది, ఉన్నది క్షీణించడమే మిగులుతుంది. అక్కడి నుంచి మూడో గడియారం నడుస్తుంది. ఎడారుల్లో దొరికేవాటికి 5,730 సంవత్సరాల అర్ధాయుష్షున్న కార్బన్-14ను, అంటార్కిటికా మంచులో దొరికేవాటికి 3 లక్షల సంవత్సరాల క్లోరిన్-36ను వాడతారు. 1969లో జపాన్ బృందానికి అంటార్కిటికాలోని యమాతో పర్వతాల దగ్గర తొమ్మిది రాళ్లు దొరికినప్పటి నుంచి ఈ లెక్క విస్తరించింది. అక్కడివి కొన్ని లక్షల సంవత్సరాలుగా మంచులో ఉన్నాయి. ఉత్తరాంధ్ర వానకు, ఉక్కకు ఆ సౌకర్యం లేదు. ఇక్కడి తడినేలలో రాతి ఉల్కాశిల లోహం త్వరగా తుప్పు పట్టి, రాయి గుల్లబారి మట్టిలో కలుస్తుంది. కనుక పడిన వెంటనే దొరికినవే దక్కుతాయి, తేదీ తెలిసినవే విలువైనవి. ఉదాహరణకు టైటానియం-44 అర్ధాయుష్షు సుమారు 60 సంవత్సరాలు. అది ఇనుము, నికెల్ నుంచి పుడుతుంది. 1870లో పడిన ఇనుములో ఆ రోజు ఉన్నదానిలో ఇప్పటికి ఆరో వంతు మిగిలి ఉండాలి. తేదీ కచ్చితంగా నమోదైంది కాబట్టే ఆ మాట చెప్పగలం.

ఈ జిల్లాల్లో ‘ఉల్కాశిల’ అని చూపించే బరువైన నల్లటి గడ్డల విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. గరివిడి, చీపురుపల్లి ప్రాంతం మాంగనీస్ గనులకు, ఫెర్రో ఎల్లాయ్స్ (ఇనుము కలిసిన మిశ్రలోహాల) కొలుములకు పేరున్నది. అక్కడి ముడిఖనిజం, కొలిమి చిట్టెం లారీల వెంట, రోడ్డు పనుల వెంట ఎంతో దూరం పోయింది. చిట్టెంలో గాలి బుడగల రంధ్రాలు విరివిగా ఉంటాయి, ఉల్కాశిలల్లో అవి అరుదు. ఇనుప ఉల్కాశిలలో సాధారణంగా 5 శాతానికి తగ్గకుండా నికెల్ ఉంటుంది, ఫెర్రో మాంగనీస్‌లో ఉండేది మాంగనీస్. అనుమానం మిగిలితే గామా కిరణాల కొలత తేల్చేస్తుంది. కిలో బరువున్న కాండ్రైట్‌లో అల్యూమినియం-26 నిమిషానికి దాదాపు 60 సార్లు క్షీణిస్తుంది. కొలిమి చిట్టెంలో ఆ సంకేతం ఉండదు. రాయిని కోయకుండా, కరిగించకుండా ఇది తెలుస్తుంది. నిజంగానే ఏదైనా కళ్లెదుట పడితే తొలి వారాలే కీలకం. స్కాండియం-46 అర్ధాయుష్షు 84 రోజులు, మాంగనీస్-54ది 312 రోజులు, సోడియం-22ది 2.6 సంవత్సరాలు. కోబాల్ట్-60 ఎక్కువగా ఉంటే ముద్ద పెద్దదని, న్యూట్రాన్లు లోపల నెమ్మదించి పట్టుబడ్డాయని అర్థం. ఆలస్యమైతే ఈ సమాచారం తిరిగిరాదు. కడగకుండా, అయస్కాంతం తగిలించకుండా శుభ్రమైన సంచిలో పెట్టి, దేశంలో ఉల్కాశిలల సంరక్షణ బాధ్యత ఉన్న భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు రెవెన్యూ అధికారుల ద్వారా చేర్చడం సరైన పద్ధతి.

ఈ లెక్కలన్నిటికీ కింద ఒక ఊహ ఉంది: విశ్వకిరణాల జోరు ఎప్పుడూ ఒకేలా ఉందన్నది. చిన్న కాలాల్లో అది నిజం కాదని తెలుసు. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో సౌర అయస్కాంత క్షేత్రం గెలాక్సీ నుంచి వచ్చే కణాలను వెనక్కి నెట్టేస్తుంది కాబట్టి 11 ఏళ్ల చక్రం సోడియం-22లో కనిపిస్తుంది. ఇటలీలోని టొరినో శాస్త్రవేత్తలు గత రెండున్నర శతాబ్దాల్లో తేదీతో సహా పడిన కాండ్రైట్లలో టైటానియం-44ను కొలిచి, శతాబ్ద ప్రమాణంలో కూడా హెచ్చుతగ్గులను గుర్తించారు. లక్షల సంవత్సరాల సగటు తీస్తే ఇవి సర్దుకుంటాయి. కోట్ల సంవత్సరాల విషయం వేరు. ఇనుప ఉల్కాశిలల్లో పొటాషియం గడియారం చెప్పే వయసులు, గత పది లక్షల సంవత్సరాల జోరును ఆధారం చేసుకున్న క్లోరిన్-36 వయసుల కంటే గణనీయంగా ఎక్కువగా వచ్చాయి. దీన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ఇటీవలి విశ్వకిరణాల జోరు పాత సగటు కంటే ఎక్కువని అర్థం; ఉత్పత్తి రేట్ల అంచనాలో పొరపాటు ఉన్నా ఇదే తేడా వస్తుంది. 2002లో నిర్ షావివ్ ఇంకో అడుగు వేసి, సౌరకుటుంబం గెలాక్సీ సర్పిల భుజాల గుండా పోయినప్పుడల్లా కిరణాలు పెరిగాయని, సుమారు 14 కోట్ల సంవత్సరాల ఆ చక్రం ఇనుప ఉల్కాశిలల వయసుల్లో కనిపిస్తోందని వాదించారు. అయితే పైన చూసినట్టు ఆ వయసులు గుంపులు కడతాయి. ఒకే శకలం పగిలినప్పుడు పుట్టిన ఇరవై ఇనుప ముక్కలను ఇరవై సాక్ష్యాలుగా లెక్కపెట్టకుండా ఒక్కటిగా లెక్కపెడితే ఆ చక్రం నిలబడలేదని తర్వాతి విశ్లేషణలు చూపించాయి.